మూడు రోజుల మైల

అక్క పోయిన ఏడు, దుర్గా పూజ సెలవుల్లో, మేం కారులో పురులియా వైపు వెళ్ళాం. ఏర్పాట్లన్నీ నావే. నడుం నొప్పి కాబట్టి అమ్మకి ముందు సీటు. కారు పడదు కాబట్టి మేనల్లుడికి కిటికీ పక్క చోటు. వాంతులకి ప్లాస్టిక్ సంచులు, మేనకోడలికి నిమ్మ బిళ్ళలు, టైర్లలో గాలి, దారిలో శుభ్రమైన బాత్రూములున్న పెట్రోలు బంకులు, అన్నీ ముందే చూసి పెట్టుకున్నాను.

స్టీరింగ్ ముందు కూర్చుంటూ బావ నవ్వాడు. "ఏఁ బామ్మర్దీ, మేం ఎక్కడెక్కడ తుమ్మాలో కూడా రాసుకొచ్చావా?"

అక్క పోయాక ఆయన వేళాకోళమాడటం అదే మొదటిసారి.

బావ బ్యాంకు ఆఫీసరు. ఇల్లు భవానీపూర్‌లో. నాన్న లిలువా రైల్వే వర్క్‌షాపులో చేసేవాడు. ఆయన పోయాక కూడా నేనూ అమ్మా అక్కడే ఉండిపోయాం. ఎండలు ముదరకముందు జ్వరంతో అక్క పోయినప్పటి నుంచీ పిల్లలిద్దరూ మా దగ్గరే ఉన్నారు. బావ ఆదివారాలు వచ్చి చూసి వెళ్ళేవాడు. ఇప్పుడాయనకి విజయనగరం బదిలీ అయింది. పిల్లల్ని అక్కడ వాళ్ళ నాయనమ్మగారు పెంచుతారని చెప్పాడు.

వాళ్ళని మా దగ్గరే ఉంచమని అడగాలని అమ్మ కోరిక. "ఆ నీళ్ళ కాడ కూచున్నాక అడుగుతాను. అక్కడైతే కాదనలేరు," అంది నాతో. పురులియా కొండల్లో జలపాతం చూపిస్తానని అక్క పిల్లలకి చెప్పి ఉంచింది. అమ్మ ధైర్యం అదే.

బాంకురా దాటాక మట్టి ఎర్రబడింది. రోడ్డు పక్క రెల్లు పూసి ఉంది. చెరువుల్లో బాతులు కనిపించినప్పుడల్లా మేనల్లుడు లేచి నిలబడేవాడు. "మామా, ఝర్నా కోయ్?" అని నన్ను బెంగాలీలో అడిగేవాడు. జలపాతం ఏదీ అని. వాడికి నాలుగేళ్ళు. మాట్లాడేదాంట్లో సగం బెంగాలీయే.

"తెలుగులో అడగరా, అప్పుడు కనబడతాది," అనేది అమ్మ.

పురులియా దగ్గర అయోధ్య అని పిలిచే కొండల్లో రోడ్డు మెలికలు తిరగడం మొదలైంది. అమ్మ అద్దంలోంచి పైకి చూసింది.

"ఒరే, ఇది కొండెక్కుతోందేటి?"

"అవునమ్మా, జలపాతం పైనే."

"ఆపమను. కారాపమను!"

బావ పక్కకి తీసి ఆపాడు.

"ఏడాది తిరగలేదు. తల్లి పోయిన పిల్లలు కొండెక్కకూడదు. ఇంత చదువు చదివావు, ఆమాత్రం తెల్దేట్రా?"

నేను అన్నీ చూసుకున్నాను గానీ అది చూసుకోలేదు. అయినా వాదించాను. "గుడికి వెళ్ళట్లేదు కదమ్మా. పైగా అక్కడ మెట్లు జలపాతం దగ్గరికి కిందికే దిగుతాయి."

"దిగాలంటే ముందు ఎక్కాలి గదరా!"

బావ దిగి అమ్మ వైపు తలుపు తీశాడు. "నాకంత పట్టింపు లేదు అత్తయ్యా. కానీ మీ మాట కాదనను. మీరూ బామ్మర్దీ వెళ్ళి చూసి రండి. మీకు మైల మూడు రోజులే కదా. ఏడాది నాకూ పిల్లలకీను. మేం ఇక్కడ కూర్చుంటాం."

ఆయన నొప్పించాలని అనలేదు. పురోహితుడు చెప్పిందే చెప్పాడు. పెళ్ళయిన కూతురు పోతే పుట్టింటికి మూడు రోజులే. నాలుగో రోజు అమ్మ తలస్నానం చేసి దేవుడి దగ్గర దీపం పెట్టింది. పెట్టి, ఆ పూటంతా పొయ్యి వెలిగించకుండా వంటింట్లో కూర్చుంది.

"నిజమే బాబూ. మాకు మూడు రోజులే," అంది అమ్మ.

ఎవరూ కొండెక్కలేదు. కొంచెం వెనక్కి వచ్చి, కొండ మీంచి దిగే వాగు దగ్గర ఆగాం. నీళ్ళు పిల్లల మోకాళ్ళ దాకా కూడా లేవు. మేనల్లుడు అనుమానంగా చూశాడు.

"అమ్మమ్మా, ఇదేనా ఝర్నా?"

"ఇదే నాన్నా. పైనించి ఇక్కడికొచ్చీసింది."

వాడు నమ్మాడు. వాడి అక్క నమ్మలేదు, కానీ తమ్ముడి చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దిగింది.

బావ వచ్చి అమ్మకెదురుగా రాయి మీద కూర్చున్నాడు. "ఏదో మాట్లాడాలన్నారు, అత్తయ్యా?"

నేను అమ్మ ముఖం చూస్తూ నిలబడ్డాను.

"మాట్లాడ్డానికేటుంది బాబూ. చిన్నాడు పప్పన్నం ఒట్టిగా తినడు, నెయ్యి వేడి చేసి వెయ్యమనండి మీ అమ్మగారిని. పిల్లకి జడ గట్టిగా లాగితే నొప్పెడతాది, పైకి చెప్పదు. ఉరిమితే ఇద్దరూ ఒక దుప్పట్లోకే దూరతారు. ఇడదీయొద్దనండి."

"ఇవన్నీ మీరే అమ్మకి ఫోన్లో చెబుదురుగాని," అన్నాడు బావ, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

"చెప్తాను. ముందు మీకు తెలియాలి గదా."

నేనైనా అడుగుదామని నోరు తెరిచాను. అమ్మ నా వైపు చూసింది. "పిల్లలు తడిసిపోతన్నారు. తువ్వాలు తే."

తెచ్చాను. అమ్మ మేనల్లుణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల తుడవడం మొదలుపెట్టింది. బావ కారు స్టార్టు చేసి తిప్పి పెట్టాడు. వాడి జుట్టు ఎప్పుడో ఆరిపోయింది. అమ్మ ఇంకా తుడుస్తూనే ఉంది.