ఎత్తి తాగిన నీళ్ళు

హోసూరులో మా షావుకారమ్మ చింతపండు గోదాములో ఆదివారం ఆదివారం వెయ్యిమంది కూర్చునేవాళ్ళు. వెయ్యి కాదులెండి, వంద. సరే, పరిచేవి నాలుగు చాపలు. వాటి మీద ఎంతమంది పడతారో మీరే చూసుకోండి.

వాళ్ళకు గుడి లేదు, అయ్యవారు లేడు, బొట్టు లేదు. డెంకణికోట వైపు నుంచి రాగులు పండించేవాళ్ళు, ఉద్దనపల్లి నుంచి చెప్పులు కుట్టే ఆయన వచ్చేవాళ్ళు. తత్వాలు పాడుకున్నాక ఒకే రాగిచెంబు అందరి చేతులూ తిరిగేది. ప్రతివాళ్ళూ మూతి పెట్టి తాగాలి. ఎంగిలి అనే మాటే వాళ్ళకు లేదు. అందుకని ఊళ్ళో జనం వాళ్ళకు 'ఎంగిలోళ్ళు' అని పేరు పెట్టి, ఎక్కడా చోటివ్వలేదు. ఆమె ఇచ్చింది. సగం గోదాము ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, తనూ చాప మీద కూర్చుంది. వీధిలో ఆమెను పేరంటాలకు పిలవడం మానేశారు.

"పోనీయప్పా, పట్టుచీర ఇస్త్రీ తప్పింది," అంది నాతో.

నేను ఆమె చింతపండు మండీలో తూకం వేసేవాణ్ణి. ఆమె వెంట నేనూ కూర్చునేవాణ్ణి. చెంబుకు మొట్టమొదట మూతి పెట్టిన మొనగాణ్ణి నేనేనని టీకొట్టులో ఎన్నిసార్లు చెప్పానో! అబద్ధం. నా వంతు వచ్చేసరికి పైకెత్తి, పెదవి తగలకుండా గొంతులో పోసుకునేవాణ్ణి.

"ఏమప్పా, చెంబు కరుస్తుందా?" అన్నాడొకసారి చెప్పులు కుట్టే ఆయన. అందరూ నవ్వారు. ఆమె అప్పుడు వాకిట్లో ఎవరితోనో మాట్లాడుతోంది.

వాళ్ళు పోయినవాళ్ళను కాల్చరు, కూర్చోబెట్టి పూడుస్తారు. పోయే మనిషి ఒక గుక్క తాగాక అదే చెంబుకు మూతి పెట్టి తాగినవాళ్ళే మొదటి పిడికెడు మట్టి వేయాలి.

ఆమె మంచం పట్టాక కోడలు వాళ్ళను గడప దాటనివ్వలేదు. పాతమనిషినని నన్ను మాత్రం రానిచ్చింది. ఒక మధ్యాహ్నం ఆమె నా ఎదుటే కొడుకును పిలిచింది.

"నా చెంబుకు ఎవరు మూతి పెడతారో, నన్ను వాళ్ళ చేతికియ్యి. మన రోజాతోటలో కూర్చోబెడతారు. నిప్పు పెట్టొద్దురా."

కొడుకు సరేనని మాటిచ్చి వెళ్ళాడు. ఆమె మంచం పక్కనున్న తన చెంబు తీసి ఒక గుక్క తాగి, దాన్ని నా వైపు జరిపింది.

"తాగప్పా."

చెయ్యి దానంతట అదే పైకి లేచింది. పోసుకున్నాను. ఆమె నా పెదవులనే చూస్తోంది.

"ఇన్నేండ్లూ ఇట్లేనా తాగినావు?"

"అలవాటమ్మా."

చెంబు మళ్ళీ నా వైపు జరపలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

మూడోనాడు పోయింది. లోపల పురోహితుడు దర్భలు విప్పుతున్నాడు. ఎంగిలోళ్ళు గేటు బయట నిలబడ్డారు. కొడుకు కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"మామా, అమ్మ చెంబుకు మీరు మూతి పెట్టినారా? ఊ అనండి చాలు, వాళ్ళను లోపలికి పిలుస్తాను."

'పెట్టినాను!' అని వీధి అదిరేట్టు అరిచానని, ఆమె రోజాతోటలోనే ఉందని, ఇప్పుడు నేనుంటున్న కృష్ణగిరిలో అందరికీ చెప్పుకుంటున్నాను. అరవలేదు. వీధంతా నన్నే చూస్తోంది. ఊ అంటే రేపటినుంచి నేనూ ఎంగిలోణ్ణే.

"ఎత్తి తాగినాను," అన్నాను.

జీవితమంతా కోతలు కోసినవాణ్ణి, ఒక్క అబద్ధం కావలసిన చోట నిజం చెప్పాను. కొడుకు వెళ్ళి పురోహితుడి ముందు కూర్చున్నాడు.

గేటు దగ్గర చెప్పులు కుట్టే ఆయన అడిగాడు, "ఏమన్నావప్పా?"

చెప్పాను. ఆయన ఈసారి ఎగతాళి చేయలేదు. "ఆమెను కాలుస్తారా అయితే?" అన్నాడు, అంతే.

కోడలు పారేయమన్న ఆ చెంబు నా దగ్గరే ఉంది. ఇవాళ దానికి మూతి పెట్టి కడుపునిండా తాగానని రాసి ముగిద్దామనుకున్నాను. నీళ్ళు నింపాను కూడా. గదిలో ఎవరూ లేరు. చెయ్యి పైకే లేచింది.