నాయన సైకిల్ మీద నా జాగ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికంటే బరువైన వస్తువు మా నాయన సైకిల్. నల్లటి ఇనుప సైకిల్. ముందు గిన్నెంత దీపం, చక్రానికి డైనమో, చైనుకు నిండు కవరు, రెండు కాళ్ళ స్టాండు, వెనక క్యారియర్. పొద్దున దాన్ని గడప దాటించాలంటే మా అమ్మ వెనక నుంచి ఒక చెయ్యి వెయ్యాల్సిందే. ఇప్పుడు తలుచుకున్నా నాకే ఆయాసం వస్తుంది. ఆ క్యారియర్ మాత్రం నాది. దాని మీద గోనెసంచి మడిచి వేసి, నన్ను కూర్చోబెట్టుకుని, బడి దగ్గర దింపి నాయన పనికి పోయేవాడు.

మా ఇల్లు తాండూరుకు ఇవతల, కాగ్నా వాగు దిక్కు ఉండేది. నాయన పని కరణ్‌కోట వైపు బండల గనుల్లో. ఇళ్ళల్లో నేలకు పరిచే బండలు అక్కడ కోసేవాళ్ళు. ఏళ్ళ తరబడి కోసిన ఆ బండల దుమ్ము ఆయన ఛాతీలో చేరింది. దగ్గు మొదలైతే గోడకు చేయి ఆనించి నిలబడేవాడు. అది తగ్గేదాకా మేమెవ్వరం మాట్లాడకూడదు, నీళ్ళు తెచ్చియ్యకూడదు. ఇస్తే కోపం. అంత మొండి మనిషి. ఆ మొండితనం నాకూ వచ్చిందని మా ఆయన అంటుండేవాడు, నేను ఒప్పుకునేదాన్ని కాదు.

వికారాబాద్ దవాఖానలో చూపిస్తే ఇక బండ కోసే పని మానెయ్యమన్నారు. గనిలో మనుషులను పనికి పెట్టుకునే ముకద్దం పాత పరిచయంతో నాయనను కూర్చునే పనికి మార్చాడు. కోసిన బండల్లో పగిలినవీ మంచివీ వేరుచేసే పని. ఐతే పొద్దున్నే టైముకు రావాలి, ఎవరి సాయం లేకుండా రావాలి. మా వాడ నుంచే గని పనికి పోయే ఒకాయన సైకిల్ తోసుకుంటూ నడుస్తుంటే ముకద్దం లారీలోంచి చూశాడట. మర్నాడు ఎంతో మంచిగా, కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఆరాం తీసుకోమన్నాడట. ఆ కొన్నాళ్ళు ఇక ముగియనే లేదు. నాయన తోసుకుంటూ కనబడితే మా ఇంటికీ అంతే. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు, ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు.

వాగు దిక్కు నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలో ఒక ఎత్తు ఉంటుంది. ఇప్పుడు బండ్ల మీద పోయేవాళ్ళకు అది ఎత్తని కూడా తెలియదు. ఆ ఎత్తు మొదట్లోనే నాయన సైకిల్ ఆపి, చైను పడిందని చెప్పి, దిగి కింద కూర్చునేవాడు. నేనూ దిగి నిలబడేదాన్ని. ఒక రోజు పడింది, సరే. మర్నాడూ పడింది. ఆ మర్నాడు నేను వంగి చూశాను. చైను ఎక్కడిదక్కడే ఉంది. నాయన దాని మీద వేలు పెట్టి, తల వంచుకుని, గాలి పీల్చుకుంటున్నాడు. చెవుల వెనక చెమట. ఎప్పుడు లారీ చప్పుడు వినబడినా చెయ్యి గబగబా ఆడించేవాడు, నిజంగానే చైను ఎక్కిస్తున్నట్టు. నాకు భయమేసింది. ఇంట్లో చెప్పలేను, ఆయనను అడగలేను.

చెప్పుకోవడానికి నాకు దొరికింది పక్కింటి చాచా. తాండూరు బజారులో ఆయనకు కిరాయి సైకిళ్ళ దుకాణం ఉండేది. నాయనకు చిన్ననాటి దోస్తు. ఇద్దరూ ఒకరి ఇంట్లో ఒకరు తిని పెరిగిన వాళ్ళు. నేను నిజం చెప్పలేదు. మా నాయన సైకిల్ చైను ఊకె పడుతోంది చాచా, జర చూడు అన్నాను. ఆయన అప్పుడే మా వాకిట్లోకి వచ్చి సైకిల్ వెనక చక్రం లేపి పెడల్ తిప్పాడు. చైను బిగుతుగా ఉంది. ఎక్కడ పడుతోందని అడిగాడు. ఎత్తు కాడ అన్నాను. రోజూ అక్కడేనా అన్నాడు. రోజూ అక్కడే అన్నాను. చాచా చక్రం ఆగేదాకా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చేతులు తుడుచుకుని, నేను చూసుకుంట పో బేటా అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం నాయనను సైకిల్‌తో సహా దుకాణానికి పిలిపించాడు. నేనూ వెళ్ళాను. పానా చేతిలో పట్టుకుని చాచా మొదలుపెట్టిన మాట నాకు ఇప్పటికీ గుర్తే.

"చైన్ ఊకె పడుతుందంట గద అన్నా. గీ కవర్ ఉంటే ఎక్కించుకునుడు పరేషాన్. తీసేస్త."

నాయన ఏమంటాడు? చైను పడటం లేదనలేడు. కవరు ఊడింది. ఆ పైవారం స్టాండు స్ప్రింగు పోయిందన్నాడు, కొత్తది వచ్చేదాకా గోడకు ఆనించుకోమన్నాడు. ఆ కొత్తది రానే లేదు. మడ్‌గార్డులు టైరుకు రాసుకుంటున్నాయన్నాడు. వానకాలం బురద చిమ్ముతుంది కదా అని నాయన గొణిగితే, వానకాలం రానీ చూద్దాం అన్నాడు. డైనమో ఎలాగూ పనిచేయడం లేదు, దాంతోపాటు దీపం కూడా పోయింది. ఆ తర్వాత హైదరాబాద్‌లో పాత సామాన్ల బజారు నుంచి ఒక జత చక్రాలు తెచ్చాడు. రేసు సైకిల్‌వి. సన్నటి టైర్లు, తెల్లటి రిమ్ములు. వాటిని మా సైకిల్‌కు పట్టేలా ఇరుసులు మార్చి, లోపలి ఛర్రలనే ఇనుప గుండ్లు కడిగి, గ్రీసు పెట్టి బిగించాడు. ఆ పని చేసినంతసేపూ, ఇవి నా కిరాయి సైకిళ్ళకు ఆగుతాయో లేదో తెలియదు, కొన్నాళ్ళు నువ్వు నడిపి చూసి చెప్పు అని బతిమాలుతూనే ఉన్నాడు. సాయం చేస్తున్నది తాను కాదు, నాయనే అన్నట్టు.

మర్నాడు పొద్దున నాయన ఒక్క చేత్తో సైకిల్ ఎత్తి గడప దాటించాడు. చెయ్యి వెయ్యడానికి వచ్చిన అమ్మ అలాగే ఆగిపోయింది. నాయన కాసేపు ఆ సైకిల్ వైపు చూశాడు.

ఐనా ఎత్తు దగ్గర చైను పడటం మానలేదు. ఇదివరకు మొదట్లోనే ఆగేవాడు, ఇప్పుడు సగం దాకా పోయి ఆగుతున్నాడు, అంతే తేడా. ఒకరోజు మేము అట్లా ఆగి ఉండగానే లారీ మా పక్క నుంచి పోయింది. ముకద్దం తల బయటపెట్టి చూశాడు, చెయ్యి ఊపాడు. నాయన కూడా ఊపాడు. ఆ రాత్రి నాయన అన్నం సరిగ్గా తినలేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. చాచా వెనక క్యారియర్ నట్టుకు పానా పెట్టాడు. నాయన ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అది ఉండనీ. బిడ్డ ఏడ కూసుంటది?"

చాచా దగ్గర అన్నిటికీ ఏదో ఒక సాకు ఉండేది. దానికి మాత్రం లేదు. పానా అలాగే పట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరూ నా వైపు చూడలేదు. అప్పుడు తెలిసింది నాకు. కవరు కాదు, దీపం కాదు, ఆ సైకిల్ మీద ఇంకా మిగిలిన బరువు నేను. ఎవ్వరూ ఆ మాట అనలేదు, అనేవాళ్ళు కూడా కాదు. నేను దిగకపోతే నాయన ఆగకుండా ఆ ఎత్తు ఎక్కలేడు.

నాకు ఆ క్యారియర్ అంటే ప్రాణం. నాయన చొక్కా వెనక పట్టుకుని, ఆ చెమట వాసనలో, బజారంతా చూసుకుంటూ పోవడం నా ఒక్కదానికే ఉన్న వైభవం. బడిలో పిల్లలు దానికి కుళ్ళుకునేవాళ్ళు కూడా. ఐనా నోరు తెరిచి చెప్పాను.

"నాకు సైకిల్ మీద కూసునుడు సిగ్గయితుంది నాయనా. క్లాసుల పిల్లలు నవ్వుతున్నరు. వాడల పిల్లలతోటి నడిసి పోత."

నాయన నా ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. నవ్వుతున్నారా అని అడిగాడు. నవ్వుతున్నారన్నాను. సరే బిడ్డ, పెద్దదానివైనవ్ అన్నాడు. చాచా నట్లు విప్పాడు. విప్పుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

మర్నాడు పుస్తకాల సంచి భుజాన వేసుకుని ఆ ఎత్తు నడిచి ఎక్కుతున్నాను. వెనక నుంచి బెల్లు మోగింది. పక్కకు జరిగాను. నాయన నా పక్క నుంచి తొక్కుకుంటూ పోయాడు. సీటు మీంచి లేచి, ఒక్కో పెడల్ మీద ఒళ్ళంతా మోపి, దిగకుండా, ఆగకుండా పైదాకా పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఊపు పోతుందని నాకు తెలుసు. పైకి చేరాక ఒక్కసారి బెల్లు కొట్టాడు. నాకు సంతోషమైంది, ఏడుపూ వచ్చింది. ఆయన వెనక ఖాళీగా ఉన్న ఆ చోటు చూస్తుంటే, నన్ను ఇంటి నుంచి ఎక్కడికో పంపేసినట్టు అనిపించింది. కాళ్ళు నొప్పులు పుట్టేలా నడిచి బడికి చేరాను.

ఆ వారమంతా అలాగే గడిచింది. ఆదివారం పొద్దున నేను వాకిట్లో గిన్నెలు తోముతున్నాను. నాయన లోపలి నుంచి, మేకుకు తగిలించిన క్యారియర్ తెచ్చాడు. పానా కూడా తెచ్చాడు. సైకిల్‌కు తనే బిగించాడు, మధ్యలో దగ్గు వస్తే ఆగి, మళ్ళీ బిగించాడు. గోనెసంచి మడిచి దాని మీద వేశాడు.

"దా బిడ్డ. ఇయ్యాల బడి లేదు. నవ్వెటోళ్ళు ఎవ్వరు లేరు."

చేతులు కడుక్కోకుండానే ఎక్కి కూర్చున్నాను. ఎత్తు దిక్కు పోలేదు. వాగు గట్టు వెంట చదునుగా ఉన్న దారిలో మెల్లగా పోయాడు, మెల్లగా తీసుకొచ్చాడు. సోమవారానికి క్యారియర్ మళ్ళీ మేకుకు ఉంది. నేను పదో తరగతి పాసయ్యేదాకా మా ఆదివారాలు అట్లాగే గడిచాయి. ఆ సన్నటి టైర్ల సైకిలే రోజూ ఆయనను గనికి చేర్చింది, మమ్మల్ని సాకింది. ఆ తర్వాత ఆయన పనికి పోలేకపోయాడు, ఎక్కువ కాలం ఉండలేదు కూడా. చాచాతో గానీ, నాతో గానీ ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాకు పిల్లలు పుట్టాక గానీ అర్థం కాలేదు, నాకు నడిచే బలం ఆయనే ఇచ్చాడని, నా అబద్ధాన్ని నమ్మినట్టు నిలబడి.

ఇప్పుడు నాకు అరవై దగ్గరపడింది. వికారాబాద్‌లో ఉంటాను, ధారూర్ దారిలో ఒక బడిలో పాఠాలు చెబుతాను. ఇంకో ఏడాదికి రిటైరవుతాను. రోజూ సైకిల్ మీదే పోయి వస్తాను. స్కూటీ కొనుక్కోరాదా మేడం అని తోటి టీచర్లు విసుక్కుంటారు. నాకు ఇదే అలవాటు. కానీ అలసిపోతున్నాను, దాచేదేముంది. సాయంత్రం వచ్చి గడప మీదే కూలబడుతున్నాను.

మా అబ్బాయికి సైకిళ్ళ పిచ్చి. పోయిన వానకాలం ఎక్కడెక్కడి నుంచో సామాను తెప్పించి, మా వరండాలో కూర్చుని నాకోసం ఒక సైకిల్ తయారుచేశాడు. అల్యూమినియం ఫ్రేము, సన్నటి టైర్లు. రెండు వేళ్ళతో ఎత్తొచ్చు. అంతా అయ్యాక తల గోక్కుంటూ, ఈ ఫ్రేముకు క్యారియర్ పట్టదమ్మా, నోటు పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవడం ఇక కుదరదు అన్నాడు. పిల్లల పుస్తకాల కట్ట తెచ్చుకుని పొద్దుపోయేదాకా దిద్దుతుంటానని వాడికి కోపం. వాడికి అబద్ధమాడటం రాదు, ఎటో చూస్తూ మాట్లాడతాడు. మర్నాడు సైకిల్ తుడుస్తుంటే చూశాను. వెనక చక్రం దగ్గర ఫ్రేముకు రెండు పక్కలా, క్యారియర్ బోల్టులు బిగించే చిల్లులు స్పష్టంగా కనబడుతున్నాయి.

గుడ్డతో వాటి మీది దుమ్ము తుడిచి ఊరుకున్నాను. ఇప్పుడు పుస్తకాలు బడిలోనే దిద్ది వస్తున్నాను, తొందరగా పడుకుంటున్నాను. సైకిల్ ఎట్లుందమ్మా అని వాడు అడిగినప్పుడల్లా, మస్తు అల్కగుంది బిడ్డ, బరువే లేదు అంటాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతు మా నాయన గొంతులా వినబడుతుంది నాకు.