నేను పట్టించిన గూఢచారి

తనను తానే పోలీసులకు పట్టించుకోవడానికి మైలు దూరం కాళ్ళీడ్చుకుంటూ నడిచిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నన్ను చూడండి. అరవైల చివర్లో జరిగిన సంగతి. ఇప్పటికీ గుర్తొస్తే నవ్వుకంటే ముందు చెమట వస్తుంది.

అప్పుడు నేను యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతూ, తార్నాకలో ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి. ఇంటాయన నర్సింహులు పోలీసు జమేదారుగా రిటైరయ్యాడు. ఆయన రిటైరయ్యాడు గానీ ఆయన మీసం ఇంకా డ్యూటీలోనే ఉండేది.

నాకూ నా స్నేహితుడు యాదగిరికీ కలిపి మా సారు డిపార్ట్‌మెంటులో ఒక రేడియో ట్రాన్స్‌మిటర్ తయారుచేసే పని ఇచ్చారు. మూడున్నర మెగాసైకిళ్ళ మీద నడపడానికి అనుమతి కూడా ఉంది. అందులో చివరి వాల్వు, అంటే గాజుగొట్టం, కరెంటును పొదుపుగా వాడుకునే రకం. సారు మొదటిరోజే హెచ్చరించారు.

"చూడు సత్తయ్యా, ఈ వాల్వు ఎప్పుడూ పనిచేస్తూ కూర్చోదు. ఉయ్యాలను ఊపుకొక్కసారి తోసి వదిలేసినట్టు తోస్తుంది. అందుకే కరెంటు మిగులుతుంది. కానీ ఆ తోపులో రెట్టింపు, మూడింతల ఫ్రీక్వెన్సీలు కూడా పుడతాయి. వాటినే హార్మోనిక్స్ అంటాం. ఏరియల్‌కు ముందు వాటిని వడకట్టే ఫిల్టర్ పెట్టకపోతే అవన్నీ ఊరి మీద పడతాయి."

"తెలుసు సార్," అన్నాను. నిజంగానే తెలుసు. పరీక్షలో దీని మీద పేజీలు నింపినవాణ్ణి.

అయితే ఏరియల్ బదులు ఒక బల్బు తగిలించి చూస్తే, ఫిల్టర్ ఉన్నప్పుడు అది కాస్త మసకగా వెలిగింది. తీసేస్తే ధగధగ!

"యాదగిరీ, గీ తీగచుట్టలు మన పవరంత తింటున్నయ్‌రా."

"సారు పెట్టమన్నడు గదరా," అని వాడు నసిగాడు.

"సారుకు సిద్ధాంతం కావాలె, మనకు వెలుగు కావాలె," అని ఫిల్టర్‌ను ఊడదీసి బల్ల సొరుగులో పడేశాను. ఆ తర్వాత బల్బు తీసి ఏరియల్ తగిలించి, రోజూ సాయంత్రం మైకు ముందు కూర్చుని, ప్రసారం పరీక్షించడానికి అంకెలు చదవసాగాం.

కొన్నాళ్ళకు ఒక ఉదయం జమేదారు నా గదిలోకి వచ్చి, తలుపు మూసి, గొంతు తగ్గించాడు.

"సత్తయ్యా, మా రేడియోల గూఢచారి మాట్లాడుతున్నడు."

అరవై అయిదు యుద్ధం అయిపోయి ఎంతో కాలం కాలేదు. కిటికీ అద్దాలకు అతికించిన నల్లకాగితం ముక్కలు ఇంకా పూర్తిగా ఊడలేదు.

"ఏమంటున్నడు, జమేదార్ సాబ్?"

"అంకెలు సదువుతున్నడు. సిన్మా పాట మంచిగొస్తుంటె నడుమల దూరి ఒకటీ, రెండూ, మూడూ అంటున్నడు. ముల్లు ఏడు మీద ఉన్నది."

"ఏడా? మేము నడిపేది మూడున్నర. మాకేం సంబంధం లేదు," అన్నాను ధీమాగా.

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి మూడున్నరను రెండుతో గుణించండి. మీకు తట్టింది కదా? నాకు తట్టలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్ళు నాకంటే నయం. వాళ్ళకు కనీసం పిల్ల ఏడుపు వినిపించి ఉంటుంది.

"నువ్వు రేడియో సదువు సదువుతున్నవ్ గద, వాడు ఏడున్నడో పట్టియ్యి. ఠాణాల చెప్పిన. దొరికితె ఉరే!" అన్నాడు జమేదారు.

ఉరి అనే మాటకు నా చెయ్యి నా మెడ తడుముకుంది, ఉరి పరాయివాడికే అయినా సరే. చెక్క చట్రానికి రాగితీగ చుట్టి, దిక్కు పట్టే ఏరియల్ ఒకటి తయారుచేశాను. యాదగిరితో, "ఇయ్యాల నువ్వొక్కనివే నడుపు. నాకు దేశం పని ఉన్నది," అని చెప్పి వచ్చాను.

సాయంత్రం మా మేడ మీద జమేదారు, లాఠీతో ఒక కానిస్టేబుల్, ట్రాన్సిస్టర్‌కు నా చట్రం తగిలించుకుని నేను. పాట సగంలో ఉండగా గరగరమంటూ గొంతు దూరింది. "ఒకటీ... రెండూ..." ఆ వెంటనే ఒక దగ్గు.

ఆ దగ్గు నాకు తెలుసు. రోజూ నా పక్కన కూర్చుని దగ్గే దగ్గు అది. మూడున్నర రెళ్ళు ఏడు!

"ఏందిరా, గట్ల చెమటలు కారుతున్నయ్?"

"ఎండ, జమేదార్ సాబ్."

"గింత మబ్బుల ఎండేడిది?"

చట్రం సరిగ్గా యూనివర్సిటీ వైపు గీత గీసినట్టు నిలిచింది. కానీ ఈ రకం ఏరియల్‌కు ముందూ వెనకా తేడా తెలియదు. కుడితిలో పడ్డ ఎలుకకు గడ్డిపరక దొరికినట్టయింది నాకు. "గా దిక్కున్నడు!" అని యూనివర్సిటీకి ఎదురు దిక్కు చూపించి అరిచాను.

నాలుగు వీధులు దాటామో లేదో జమేదారు ఆగిపోయాడు. "గొంతు సన్నబడుతున్నది. మనం ఉల్టా పోతున్నం. తిరుగు ఎనుకకు!"

వెనక్కి తిరిగాం. అడుగడుక్కీ యాదగిరి గొంతు పెరుగుతోంది, నా ప్రాణం తరుగుతోంది. ఆ వాల్వు మాడిపోవాలని దారి పొడవునా మొక్కుకున్నాను. ఎక్కడ మాడుతుంది? తక్కువ కరెంటుతో వేడెక్కకుండా నడిచేలా దాన్ని సవరించిన మహానుభావుణ్ణి నేనే కదా!

మా డిపార్ట్‌మెంటు మెట్ల దగ్గరికి రాగానే ట్రాన్సిస్టర్ గంటలా మోగింది.

"హలో, హలో. ఇయ్యాల నేనొక్కన్నే మాట్లాడుతున్న. మా సత్తయ్య రాలే. ఎవడో గూఢచారి ఉన్నడంట, పట్టనీకి పోయిండు."

కానిస్టేబుల్ నన్ను చూశాడు. జమేదారు నన్ను చూశాడు. ఆయన మీసం కూడా నన్నే చూసింది. ఇంటిదొంగను ఈశ్వరుడు పట్టలేడేమో గానీ, రాగితీగ చుట్టిన చెక్క చట్రం పడుతుంది.

లాఠీ కనపడగానే యాదగిరి మైకుతో సహా చేతులెత్తేశాడు. "నేను కాదు, ఫిల్టర్ తీసింది సత్తయ్య!"

ఆ కేకకు పక్కగదిలోంచి సారు వచ్చారు. సంగతి విని, ట్రాన్స్‌మిటర్ ఆపి, సొరుగులోంచి ఫిల్టర్ తీసి తగిలించి, మళ్ళీ నడిపారు. యాదగిరి అంకెలు చదివాడు. ట్రాన్సిస్టర్‌లో అంకెల జాడ లేదు, పాట హాయిగా సాగుతోంది. ఆ పాట నాకు లాఠీ దెబ్బకంటే గట్టిగా తగిలింది.

"వీళ్ళు గూఢచారులు కారండీ," అన్నారు సారు జమేదారుతో. "ఇదంతా సెకండ్ హార్మోనిక్ చేసిన పని."

జమేదారు మీసం సవరించుకున్నాడు. కానిస్టేబుల్ వైపు తిరిగి, "ఇన్నవా? వీడు సెకండోడంట. మరి ఫస్టోడు ఏడున్నడు?" అన్నాడు.

శాస్త్రప్రకారం ఫస్ట్ హార్మోనిక్ అంటే మేం నడిపే ఆ మూడున్నరే, కాబట్టి ఆ మొదటివాళ్ళం మేమే. అయినా సారు ముఖం చూసి, చట్రం మీది రాగితీగ విప్పడం మొదలుపెట్టాను.

ఆ సాయంత్రమే ట్రాన్స్‌మిటర్ మీద చెయ్యి పెట్టి, స్విచ్చి కట్టేశాకే లెండి, ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఫిల్టర్ లేకుండా గాలిలోకి ఒక్క మాట వదలను. ఏ గూఢచారిని పట్టడానికి బయల్దేరినా, వాడు నేను కాదని ముందు రూఢి చేసుకోకుండా గడప దాటను.