అత్తయ్య మూడు ప్రశ్నలు

అత్తయ్యను ఎవరు ఏమడిగినా జవాబు రాదు, ఎదురు మూడు ప్రశ్నలు వస్తాయి. "ఎందుకు కావాలి? ఎన్నాళ్లు దాచుకుంటారు? ఎవరికి చూపిస్తారు?"

ఆవిడ యూనివర్సిటీలో ప్రొఫెసర్. రోగుల వివరాలు ఎవరెవరి చేతుల్లో పడుతున్నాయో పదమూడేళ్లుగా కూపీ లాగడమే ఆవిడ పరిశోధన. అది యూనివర్సిటీ గేటు దగ్గర ఆగితే బాగుండేది. "ఆకలేస్తోందా?" అని మామయ్య అడిగినా "ఎందుకు?" అనేది.

"పొయ్యి వెలిగించడానికే తల్లీ!"

ఒకసారి ఆవిడకు జ్వరమొచ్చింది. ఎంతుందని డాక్టరు అడిగాడు.

"ఎందుకండీ?"

"మందు రాయడానికి!"

"సరే, నూటరెండు. ఎన్నాళ్లు దాచుకుంటారు?"

"జ్వరాన్నా?"

పక్కనున్న మేనకోడలికి తల కొట్టేసినట్టయింది.

ఆ సిగ్గు కాస్తా మొన్న ప్రభుత్వ కమిటీ మీటింగులో వదిలిపోయింది. ఆసుపత్రుల్లోని పాత రికార్డులన్నీ ఒకచోట చేర్చి, ఉద్యోగాలిచ్చేవాళ్లకు కూడా చూపించాలని ముసాయిదా తయారైంది. కమిటీ సభ్యురాలిగా అత్తయ్య అది కూడదంది. వెనక వరుసలో మేనకోడలు బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. తనకు పదకొండో ఏట వచ్చిన మూర్ఛ తగ్గి పదేళ్లయింది. వచ్చే వారమే టీచరుగా చేరాలి. అప్పట్లో తనను ఆసుపత్రికి తిప్పింది అత్తయ్యే.

"దీనివల్ల నష్టపోయే మనిషిని ఒక్కర్ని చూపించండి ప్రొఫెసర్ గారూ," అన్నాడు అధికారి.

మేనకోడలు ముందు కుర్చీ చాటుకు నక్కింది. అత్తయ్య వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

"అలాగే. ముందు మీకున్న జబ్బులేమిటో చెప్పండి, రాసుకుంటాను," అంటూ పెన్ను తీసింది.

"నావా? ఎందుకండీ?"

"హమ్మయ్య! మొదటి ప్రశ్న మీరే అడిగేశారు. మిగతా రెండూ కానివ్వండి."

హాలంతా గొల్లుమని నవ్వింది. అధికారి కూడా నవ్వాపుకోలేక, ఆ నిబంధన మీద అడ్డంగా గీత కొట్టేశాడు.

"నా సంగతి చెప్పేస్తావనుకున్నా అత్తా," అంది మేనకోడలు మెట్లు దిగుతూ.

"చెప్పడానికి నేనెవర్నే? అప్పుడు డాక్టరు చీటీ నీ క్లాసంతా తిరిగింది. నీ పక్కన ఎవరూ కూర్చోలేదు. 'ఆ చీటీ ఎవరికి చూపించారు?' అని మీ హెడ్‌మాస్టర్ని నిలదీశాను చూడు, అదే నా మొదటి పరిశోధన. నీ జబ్బు సంగతి మీ మామయ్యక్కూడా ఇంతవరకూ చెప్పలేదు."

మేనకోడలికి గర్వంతో నేల మీద కాళ్లు ఆనలేదు. ఈవిడ మా అత్తయ్య అని దారినపోయేవాళ్లందర్నీ ఆపి చెప్పాలనిపించింది.

బయట కారులో మామయ్య ఎదురుచూస్తున్నాడు. "ఏమ్మా, లోపల ఏం జరిగింది?"

మేనకోడలు తలెత్తి దర్జాగా అడిగింది: "ఎందుకు కావాలి మామయ్యా?"

"ఇప్పటిదాకా ఒక్కర్తే అనుకున్నాను!" అంటూ మామయ్య నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.