నీ వంతు వచ్చిందత్తా

మా చిన్నప్పుడు... ఎండాకాలం ఆదివారాల్లో మా ఊరి చర్చి లోపల ఉన్న మనుషుల కంటే బయట వరుసలో ఉన్న బిందెలే ఎక్కువ!

మాది పత్తికొండ దగ్గర చిన్న ఊరు. మార్చి దాటితే బోర్లు ఎండిపోయేవి. నీళ్ళ ట్యాంకరు వారానికి ఒక్కసారి వచ్చేది... అదీ ఆదివారం, సరిగ్గా ఆరాధన మొదలైన తర్వాత. ఆ డ్రైవరుకు మా మీద ఏం కక్షో మరి! ట్యాంకరు ఆగేది చర్చి మెట్ల పక్కనే. అందుకని అందరూ పొద్దున్నే బిందెలు వరుసలో పెట్టి, తలకు పోసుకుని, బైబిలు చంకన పెట్టుకుని లోపలికి పోయేవాళ్ళు.

మరి ఆ బిందెలన్నీ నింపేది ఎవరు? మా జేజి... అంటే మా నాన్న వాళ్ళమ్మ.

ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఒకసారి నీళ్ళ దగ్గర పెద్ద గొడవై, సగం నీళ్ళు నేలపాలయ్యాయట. ఆ తర్వాతి వారం జేజి చీర కొంగు దోపుకుని పైపు పట్టుకుంది. అంతే, ఇక వదల్లేదు. లోపల పాటలు వినబడుతుంటే తానూ గొంతు కలుపుతూ అందరి బిందెలూ పట్టేది. నేనూ బిందెలు జరుపుతూ అక్కడే ఉండేదాన్ని.

అలాగని మా జేజి నోట్లో నాలుక లేని మనిషి అనుకునేరు! ఆమెకు కోపమొస్తే వీధి వీధంతా తలుపులు వేసుకునేది. మా పక్కింటి సుందరమ్మ మేక ఒకసారి మా వాకిట్లో ఆరబెట్టిన బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, తినేసింది. జేజి కట్టె విసిరింది... మేక కాలు కుంటుపడింది. ఆ రోజు నుంచి సుందరమ్మ మా ఇంటి వైపు చూడటమే మానేసింది. జేజి వెళ్ళి "తప్పైపోయిందమ్మా" అన్నా పలకలేదు.

అయినా వరుసలో సుందరమ్మ బిందె వస్తే జేజి దాన్ని లోపలంతా కడిగి మరీ నింపేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఆమె మనతో మాట్లాడదు గదా జేజీ! ఆమె బిందె మనం ఏంటికి పట్టాల?"

"బిందె నీతో కొట్లాడిందా ఏమ్మే? జరుపు ఇట్ల."

"మరి నువ్వు లోపలికి ఎప్పుడు పోతావు?"

"వాళ్ళు నా కోసరం ప్రార్థన చేస్తాండారు, నేను వాళ్ళ కోసరం నీళ్ళు పడతాండా. సరిపోయింది. నా వంతు వస్తే నేనూ పోతాలే."

అట్లా అనేది గానీ, ఒక్క విషయంలో మాత్రం జేజికి శానా బాధ ఉండేది. ప్రభువు బల్ల... అంటే ఏసు ప్రభువు గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. అది ఇచ్చే పాస్టరు అయ్యగారు పత్తికొండ నుంచి రావాలి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయనవే కాబట్టి మా ఊరికి ఎప్పుడో ఒకసారి, అదీ ఎండాకాలంలోనే వచ్చేవారు. ఆయన వచ్చిన ప్రతిసారీ ట్యాంకరూ వచ్చేది. రెండేళ్ళుగా జేజి బల్ల తీసుకోనేలేదు. కొన్ని రాత్రులు మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్వడం నేను చూశాను.

ఆ ఏడు ఈస్టరు పండుగకు అయ్యగారు వస్తున్నారన్నారు. జేజి ముందుగానే డ్రైవరును బతిమాలింది. "పండగ గదా అవ్వా, సాయంత్రం వస్తాలే" అన్నాడతను. జేజి ముఖం చూడాలి ఆ రోజు! తెల్లచీరకు నీలిమందు పెట్టి ఆరేసుకుంది. పండుగ పొద్దున పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళి ముందు వరుస చాప మీద కూర్చుంది.

అయ్యగారు రొట్టె విరిచారో లేదో... బయట హారన్. సాయంత్రం వస్తానన్న ట్యాంకరే!

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నీళ్ళు పోతే మళ్ళీ వారం దాకా లేవు. మా అమ్మ లేవబోయింది. "సంకలో పిల్లోణ్ణి పెట్టుకుని యాడికి పోతావు, కూర్చో" అని జేజి తనే లేచింది. నేను ఏడుస్తూ వెనకాలే పోయాను. నాకు డ్రైవరు మీద, ఊరి మీద, దేవుడి మీద కూడా కోపం వచ్చింది.

జేజి తెల్లచీర కుచ్చిళ్ళు దోపుకుని, సాయంత్రానికని ముందే వరుసలో పెట్టి ఉన్న బిందెల్లో మొదటిది పైపు కింద పెట్టింది. ఆ రోజు పాట మాత్రం పాడలేదు.

నాలుగైదు బిందెలు నిండి ఉంటాయి... మెట్ల మీద నుంచి సుందరమ్మ దిగివచ్చింది. లోపల బల్ల వరుసలో నిలబడి, సగంలో వచ్చేసిందట. నేరుగా వచ్చి జేజి చేతిలోని పైపు పట్టుకుంది.

"నీ వంతు వచ్చిందత్తా. పో."

మేక గొడవ తర్వాత ఆమె మాతో అన్న మొదటి మాట అదే.

"మరి నువ్వు తీసుకున్యావా మ్మే?"

"నాది తరువాత చూద్దాంలే. ముందు పైపు ఇడుచు."

జేజి తడిచీరతోనే లోపలికి వెళ్ళింది, వెనకాలే నేనూ పోయాను. కొంగుకు చేతులు తుడుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని రొట్టె అందుకుంది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. తీసుకున్నాక లేవకుండా అయ్యగారితో మెల్లగా, "బయట ఒకామె ఉండాదయ్యా" అంది.

అయ్యగారు పళ్ళెం, గిన్నె పట్టుకుని ఎండలోకి, ఆ బురదలోకి దిగి వచ్చారు. సుందరమ్మ ఒక చేత్తో పైపు పట్టుకునే ఇంకో చెయ్యి చాపింది...

ఆ తర్వాత ఆదివారం నుంచి పైపుకు వంతులు వేసుకున్నారు. మొదటి వంతు సుందరమ్మదే.

ఇప్పుడు మా ఊళ్ళో ఇంటింటికీ కుళాయి ఉంది. మంచిదే, ఆ కష్టం పగవాళ్ళకు కూడా వద్దు. జేజీ లేదు, సుందరమ్మా లేదు. మొన్న ఈస్టరుకు ఊరికి పోతే చర్చి నిండా జనం, అందరూ వేళకే వచ్చారు. నేను మాత్రం బల్ల తీసుకుని, ఎందుకో తలుపు వైపు చూశాను... బయట ఎవరైనా ఉండిపోయారేమోనని.

మీరు లోపల ఉన్నప్పుడు బయట మీ బిందె నింపినవాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్ళ పేరు ఒక్కసారి ఇక్కడ రాయండి...