గడప దగ్గర తొమ్మిది పొట్ల గింజలు

ఆ రోజుల్లో అరకు లోయకు కాపురానికి వెళ్లిన పిల్లను సాలూరులోని మా వాళ్లు సగం చచ్చినట్టే లెక్కేసేవారు. (మిగతా సగం చలిజ్వరానికి వదిలేసేవారు.) మా ఆయన అడవి శాఖలో కొత్త గుమాస్తా, నేను కొత్త పెళ్లికూతుర్ని. బండి కొండదారి ఎక్కుతున్నప్పుడు నా కొంగు ముడిలో తొమ్మిది పొట్ల గింజలున్నాయి. అంతకుముందు ఏడాది పోయిన మా అమ్మ ఆఖరిసారి దాచిన విత్తనం. ఈ వేసవిలో మట్టిలో పడకపోతే ఇక మొలవవని నాకు తెలుసు. బతికుండగా అమ్మకు నా విత్తడం ఏనాడూ నచ్చలేదు. "అంత లోతు పాతితే అది మొలకెత్తాలా, ఊపిరాడక చావాలా?" అంటూ నేను పాతినవన్నీ తవ్వి, కడిగి, మళ్లీ తనే పాతేది.

చైత్రం రాగానే దొడ్లో పాదు తీసి, పేడ ఎరువు కలిపి, గింజలు పాతాను. మర్నాడు పొద్దున తలుపు తీస్తే తొమ్మిదీ గడప బయట అడ్డాకు మీద, శుభ్రంగా కడిగి, వరసగా పెట్టి ఉన్నాయి.

"ఎలకలై ఉంటాయి," అన్నారు మా ఆయన, మూడడుగులు వెనక్కి వేసి.

"ఎలకలు కడిగి, ఆకేసి పెడతాయాండీ?"

ఆయన చాలాసేపు ఆలోచించి, "కొండ ఎలకలు," అన్నారు.

మళ్లీ పాతాను. మర్నాడు మళ్లీ గడప దగ్గరికి వచ్చాయి. ఇంకో రెండుసార్లు ఇలా తడిసి ఆరితే అమ్మ విత్తనం అక్కడితో ఆఖరు. మూడోసారి పాతి, తెల్లవారుతుండగా కిటికీ దగ్గర కూర్చున్నాను. (నా వెనక మా ఆయన, మడిచిన గొడుగుతో. వాన లేదు.) పొగమంచులో దొడ్డి కనిపించడం లేదు. అందులోంచి రెండు చేతులు మాత్రం కనిపించాయి. మనిషి లేదు. ఆ చేతులు పాదులో మట్టిని, నిద్రపోయే పసిబిడ్డ మీది దుప్పటి తీసినట్టు, నెమ్మదిగా తొలగిస్తున్నాయి. మంచు కాస్త కదిలాక చేతులకు ఇత్తడి కడియాలు కనపడ్డాయి. మాకు నీళ్లు మోసే ముసలమ్మ.

"ఏటమ్మా ఇది?" అని బయటికెళ్లి ఏడ్చేశాను.

"దేవుడికి సూపించని ఇత్తనం మట్టిలో నిలవదు బిడ్డా. లేసి తిరుగుతాది. దారి తప్పిపోద్దని నానే తెచ్చి పెడతన్నాను. ఇత్తనాల పండగయ్యేక పాతుకో."

"మూడు రోజులూ నువ్వేనా?"

"నిన్న, ఇయ్యాల. మొన్న తెల్లారేటికి నాను సంత నుంచి రానేలేదు. వచ్చేక గడప కాడ ఆకు సూసి, ఆయేల ఎవులో తెచ్చేరనుకున్నాను."

పండగలో దేవుడి ముందు పెట్టి తెచ్చి పాతాక తొమ్మిదీ మొలిచాయి. శ్రావణానికి పందిరి నిండా కాయలే. మా ఆయన బతికున్నన్నాళ్లూ కొండ ఎలకల మాట మాత్రం వదల్లేదు.

ఇంత ముసలిదాన్నయ్యాను, ఇప్పటికీ ఏటా గింజలు పాతిన మర్నాడు గడప చూసుకుంటాను. ఏమీ ఉండదు. ఆ మొదటి పొద్దు వచ్చిందెవరా అన్న భయం ఎప్పుడో పోయింది. గడప దాకా వచ్చి, కూతురింట్లో కాసేపు కూర్చోకుండా వెళ్లిపోయిందే అని మాత్రం బాధ. అందుకే గింజలు ఇప్పటికీ కాస్త లోతుగానే పాతుతాను.