కొలత తప్పిన తెల్లగౌను

మొన్న సాయంత్రం ఇక్కడ గల్ఫులో, మనామా బజారులో కూరలు కొనుక్కుని బస్సు కోసం నడుస్తూ, చర్చి గేటు దగ్గర అలాగే నిలబడిపోయాను. లోపల ఆవరణలో పిల్లల క్రిస్మస్ ఊరేగింపు సాగుతోంది. కర్రకు కట్టిన కాగితపు నక్షత్రం ముందు నడుస్తుంటే, దాని వెనక తలకు తువ్వాళ్ళు చుట్టుకున్న బుల్లి గొర్రెల కాపరులు, ఆ వెనక అట్టరెక్కల దేవదూతలు. ఇరవై ఏళ్ళ కిందట నేనూ ఆ వరసలో నడిచాను.

అప్పుడు నేను ఈ ఊరి పక్కనే ముహర్రక్‌లో ఒక గోవా వాళ్ళింట్లో పనిచేసేదాన్ని. ఆయనకు సిత్రాలో ఉద్యోగం, ఆవిడ ఆసుపత్రిలో నర్సు. వాళ్ళ పాపకు ఐదేళ్ళు. కోనసీమలో మా అక్క దగ్గర వదిలి వచ్చిన నా కూతురికీ ఐదేళ్ళే. నాతోపాటు ఆ రోజుల్లో గల్ఫుకొచ్చిన ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఫోనంటే పదిహేను రోజులకొకసారి, కార్డు అయిపోయేలోపు నాలుగు మాటలు. పిల్ల గొంతు వినపడేదే గాని పిల్ల కనపడేది కాదు.

ఆ ఏడు పాపకు దేవదూత వేషం వచ్చింది. నాకు కుట్టుపని తెలుసు కనుక మేడమ్ తెల్ల శాటిన్ గుడ్డ తెచ్చి గౌను కుట్టమంది. పాపకు కొలతలు తీసుకుంటుంటే ఆ భుజాలూ ఆ నడుమూ నా కూతురివేనేమో అనిపించింది. మిగిలిన గుడ్డ అడిగి తీసుకుని, అవే కొలతలతో రెండో గౌను కుట్టి, సెలవు మీద వెళ్తున్న మా పక్కూరామెతో పంపించాను.

ఊరేగింపు రోజున మేడమ్‌కు డ్యూటీ పడి, పాపను నేనే తీసుకెళ్ళాను. తీరా వరస కదిలే వేళకు పాప భయపడి నా చేయి వదలనంది. నక్షత్రం పట్టుకున్న పెద్దాయన వెనక్కి తిరిగి, "యల్లా, పద, నువ్వూ రా బెహన్, పిల్లలంతా ఆగిపోయారు" అన్నాడు. మా దేవుళ్ళు వేరు, కాళ్ళకు వంటింటి చెప్పులు, అయినా నడిచాను. సగం దూరం వెళ్ళేసరికి పక్క మసీదులో అజాన్ మొదలైంది. పాటలు ఆపి అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు. సముద్రపు గాలికి కాగితపు లాంతర్లు మెల్లగా ఊగుతుంటే, నా చేతిలోని చిన్న చేయి నా కూతురిదే అనుకున్నాను. పాటలు మళ్ళీ మొదలయ్యాక కూడా, ఆవరణంతా తిరిగి వచ్చేదాకా, అలా అనుకుంటూనే నడిచాను.

తరవాత ఫోనులో అక్క నవ్వుతూ చెప్పింది, "గౌను మోకాళ్ళ కాడే ఆగిపోయిందే! నీ కూతురు ఎంత ఎదిగిందనుకున్నావ్?" పిల్ల ఫోను లాక్కుని, "అమ్మా, నేను పొడుగైపోయానని నీకెవరూ చెప్పలేదా?" అంది.

ఆ మధ్యాహ్నం అంట్లు తోముతూ ఏడుస్తుంటే మేడమ్ చూసి సంగతి అడిగింది. చెప్పాను. నా సెలవుకు ఇంకా ఎనిమిది నెలలుంది. మర్నాడు వచ్చి, "వచ్చే నెల్లో వెళ్ళిరా. నా డ్యూటీ మార్పించుకుంటాలే" అని తన హిందీలో చెప్పింది.

ఊళ్ళో బస్సు దిగేసరికి మా అక్క పక్కన ఒక పొడుగాటి పిల్ల, పరికిణీ మీద ఆ తెల్లగౌను చొక్కాలా తొడుక్కుని నిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టడానికి దానికి కొంచెంసేపు పట్టింది. దాన్ని గుర్తుపట్టడానికి నాకూ పట్టిందని ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

మొన్న గేటు దగ్గర నా పక్కన మన తెలుగు పిల్లే ఒకామె, ఫోను పైకెత్తి పట్టుకుని ఊరేగింపును ఊళ్ళో ఉన్న కొడుక్కి చూపిస్తోంది. వాడు కేరింతలు కొడుతున్నాడు. సాయంత్రమైతే చాలు, ఇప్పటి తల్లులకు పిల్లలు కళ్ళముందుంటారు, పళ్ళూడినా తెలుస్తుంది, జ్వరమొచ్చినా తెలుస్తుంది. మాకు లేని అదృష్టమని సంతోషించాను. కాల్ అయిపోయాక ఆమె ఫోను చున్నీతో తుడిచి, ఛాతీకి అదుముకుని కాసేపు అలాగే నిలబడింది. ఏమైనా అడుగుదామనుకున్నాను గానీ, ఆమె డ్యూటీకి వేళయినట్టుంది, గబగబా వెళ్ళిపోయింది.